డబ్బు దేనికొచ్చింది

ఇన్నేళ్ళలో సముద్రాన్ని మూడే మూడుసార్లు చూశాను.
అయినా పడవ మునుగుతుంటే ఏం చేయాలో
నార్వే జాలర్లకు బొమ్మలు గీసి చెప్పేది నేనే,
గిరింపేటలో, మేడమీది గదిలో,
వంటింటి గోడకు ఆనించిన బల్ల మీద.

లైఫ్ జాకెట్ పట్టీ ముందు ఎడమ, తర్వాత కుడి.
నీళ్ళలో పడ్డవాడు మోకాళ్ళు ఎట్లా ముడుచుకోవాల.
మా నీవా ఏట్లో పిక్కల లోతు నీళ్ళొస్తే
ఊరు ఊరంతా వంతెన మీదికి పోయి చూస్తుంది.

నెలాఖరున ఒక ఇన్‌వాయిసు.
క్రోనర్లు రూపాయలై, దారిలో కొంచెం అరిగి,
మూడో రోజుకు ఖాతాలో దిగుతాయి.
దిగినట్టు ఫోను మోగేసరికి
కుక్కరు మూడో కూత మీద ఉంటుంది.

ఫిబ్రవరిలో బ్యాంకుకు పోతే కనపడింది:
ఏడాదిగా వచ్చిన ప్రతి పైసాకూ ఎదురుగా
ఒకటే కారణం, కుటుంబ పోషణ.

"సార్ బయటి దేశంలోనే కదమ్మా?"
అన్నాడు కౌంటరు వెనక పిల్లోడు, మర్యాదగానే.
మా సారు చిత్తూరు రెండో డిపోలో కండక్టరు.
ఆయన చూసిన అతి దూరదేశం కదిరి.

"సంపాదించింది నేను" అన్నాను.
కుర్చీ ముందుకు జరుపుకుని గొంతు తగ్గించాడు.
"అట్లే ఉండనీండి మేడం.
ఇంటాయన పంపినట్టుంటే పన్నుండదు."

ఆ మాటను రోజంతా
దవడలో ఉసిరికాయలా అటూ ఇటూ తిప్పాను.
పన్నుండదు.
మిద్దె కారేచోట సిమెంటు. పాప ఫీజు. కొత్త టాబ్లెట్టు.
పన్నుండదు.
పులుపు పోయాక మిగిలింది మాత్రం
పన్ను కాదు, ఆ పోషణ.

రాత్రి ఆయనకు చెప్పినాను.
చొక్కా గుండీ కుట్టుకుంటూ, తలెత్తకుండానే అన్నాడు:
"టిక్కెట్టు లేనోడు కిటికీ పక్కన కూర్చున్నా
కాణిపాకం దాకా బయటికి చూడడు మేయ్.
ప్రతి స్టేజీలో తలుపు పక్కే చూస్తాడు."

చర్చి వీధిలో ఆడిటరు కోమలవల్లి మేడం
నా కాగితాలన్నీ ఒకసారి దులిపింది.
"బ్యాంకోళ్ళు ఏం రాసుకున్నా సంపాదన సంపాదనే.
ఆ కారణం మార్పించు. ఒక్కో జమకీ పత్రం తెప్పించు.
వాళ్ళ దేశంలో ఏమన్నా పట్టుకున్నారా?
పట్టుకునుంటే ఆ రసీదు పారేయొద్దు, ఇక్కడ పనికొస్తుంది.
జీఎస్టీ గీతకు నువ్వింకా దూరమే,
దగ్గరపడ్డప్పుడు నాకు చెప్పు, ఊరికి చెప్పొద్దు.
ముందస్తు పన్ను జూన్‌లోనే మొదలైపోయిందమ్మా,
మూడు వాయిదాలు నువ్వు నిద్రపోయినావు."

నిద్ర ఎక్కడిది?
వాళ్ళకు పొద్దున తొమ్మిదంటే నాకు వంట వేళ,
వాళ్ళకు సాయంత్రమంటే నాకు అంట్లు తోమేది అయినాక.

స్క్రీను నా పక్కకు తిప్పింది. వృత్తి?
రేషన్ కార్డులో గృహిణి.
మా అత్త ఎవరడిగినా చెప్పేది, "ఇంట్లోనే ఉంటాది."
పద్నాలుగేళ్ళుగా ఎవరూ అడగని ప్రశ్న
ప్రభుత్వం అడిగితే నాకు గొంతు పెగల్లేదు.
"మునిగిపోయేవాళ్ళ బొమ్మలు" అన్నాను చివరికి.
ఆమె జాబితా కిందికి, ఇంకా కిందికి జరిపి
ఇతరములు అన్న చోట నొక్కింది.

మార్చి పద్నాలుగు రాత్రి
వడ్డీతో కలిపి తొంభై ఆరు వేల చిల్లర.
గొప్పగా ఏమీ అనిపించలేదు.
నొక్కేముందు రెండుసార్లు లేచిపోయి మంచినీళ్ళు తాగాను.
నొక్కాక చెలానా నంబరు పాప నోటుబుక్కు వెనక రాసుకుని,
పొద్దున దానికోసం దాంతో కొట్లాడాను.

ఏప్రిల్లో క్రోనర్లు మళ్ళీ దిగాయి.
కారణం ఉండేచోట కొత్త అక్షరాలు:
సాంకేతిక చిత్రాల పనికి.
ఒకసారి చదివాను. పెద్దది చేసి చదివాను.
ఎన్నో కూతో లెక్క తప్పింది.
ఆ పొద్దు పప్పు అడుగంటింది.